గోడకి ఇవతల కట్టిన ఎర్రగుడ్డ

మా ఊళ్ళో చేలో మందు కొట్టినవాడు ఇంటికి బయల్దేరే ముందు తప్పకుండా చేసే పని ఒకటుంది. గట్టు మీద కర్ర పాతి దానికి ఒక ఎర్రగుడ్డ కడతాడు. పొద్దున్నే గడ్డి కోసుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ఆ గుడ్డ చూసి పక్క చేలోకి పోతారు. గేదెలు తోలుకొచ్చేవాళ్ళు అటువైపు తోలరు. ఎవరైనా గుడ్డ కట్టడం మరిచిపోతే నలుగురిలో నిలబెట్టి తిడతారు. నేనూ తిట్టాను. ఒకసారి ఎవరిదో గేదె నురగలు కక్కిందని తెలిసి, ఆ చేను గలాయన ఇంటి ముందుకెళ్ళి, "ఒరేయ్, నీ ఇంట్లో గుడ్డపేలిక కూడా దొరకలేదంట్రా నీకు?" అని వీధంతా వినపడేట్టు అరిచాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత దాటేస్తానేమోనని నామీద నాకే అనుమానం. మా రైతుల్లో పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివేవాడిని నేనొక్కడినే. డిగ్రీ మధ్యలో ఆపేసి వ్యవసాయంలోకి వచ్చాను కాబట్టి నాకు ఇంగ్లీషు అక్షరాలు కుదురుగా వచ్చు. సాయంత్రం పూట సొసైటీ ఆఫీసు వరండాలో కూర్చుంటే మనుషులు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఏమని ఉందో చదివిపెట్టయ్యా" అనేవాళ్ళు. చదివి ఊరుకుంటే బాగుండేది. పెద్ద మేష్టారిలాగా పాఠం కూడా చెప్పేవాడిని. ఎర్ర గుర్తున్న డబ్బా అంటే అన్నిటికన్నా పెద్ద విషం అని, ముక్కుకి తువ్వాలు కట్టుకోమని, గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దని, చేతులు సబ్బుతో కడగనిదే బీడీ ముట్టించొద్దని. ఇంటి చెట్ల సంగతి మరీ గట్టిగా చెప్పేవాడిని. చేలో మందు దొడ్లోకి తేకండి, జామకీ నిమ్మకీ సబ్బునీళ్ళో వేపనూనో చాలు, మరీ తప్పక పళ్ళచెట్టు మందేదైనా కొడితే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి గానీ కాయ కోయకండి అని. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మా దొడ్లో జామచెట్టు ఒకటి ఉండేది. నేను నాటి, నేను నీళ్ళు పోసి పెంచిన చెట్టు. కాయ తెల్లగా, గింజ తక్కువగా, కొరికితే పటపటమనేది. నాటినప్పుడు చూసుకోలేదు, ప్రహరీగోడకి మరీ దగ్గరైపోయింది. పెరిగేకొద్దీ సగం కొమ్మలు అవతలి దొడ్లో పడ్డాయి. విచిత్రమేమిటంటే, ఎండ అటువైపు ఎక్కువ కాబట్టి మంచి కాయలన్నీ అటువైపే కాసేవి.

అవతలి ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే. వాళ్ళ కొడుకులిద్దరూ పిడుగురాళ్ల సున్నపుబట్టీల దగ్గర లారీలు తోలుకుంటూ అక్కడే కాపురాలు పెట్టారు. మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు. కానీ ఆవిడ నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద, కాబట్టి అక్కా అని పిలిచేవాడిని, ఆయన్ని బావా అని. నా భార్యకి ఆవిడ వదిన, మా పాపకి అత్త. మా పాప పుట్టినప్పుడు మా అత్తగారు కాలు విరిగి రాలేకపోతే, పురిట్లో పదకొండు రోజులూ వంట చేసి పెట్టింది ఈవిడే. మజ్జిగ చిలికిన రోజల్లా గోడ మీద గిన్నె పెట్టి "తమ్ముడూ, తీసుకో" అని కేకేసేది. ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి. అప్పుడు నాకు కనపడింది ఒక్కటే. ఆవిడ జామకాయలు అడగకుండా కోసుకునేది.

అదేం పెద్ద నేరమని అడగండి. నేరం కాదు. పొద్దున్నే దోటి పట్టుకుని వచ్చేది, తలెత్తి చూసేది, నచ్చిన కాయ లాగేది. గోడకి ఇవతల నేను పళ్ళు తోముకుంటూ నిలబడి ఉన్నా "ఏరా, లేచావా?" అనేదే గానీ "కోసుకోనా?" అని ఒక్కమాట అనేది కాదు. ఆ ఒక్కమాట కోసం నేను రెండేళ్ళు పళ్ళు నూరుకున్నాను. అడిగితే నేను కాదంటానా? బుట్టెడు కోసి ఇచ్చేవాడిని. అడగదే! నా భార్యతో అంటే నవ్వేసేది. "మజ్జిగ పోసేటప్పుడు ఆవిడ మనల్ని అడిగి పోస్తుందా ఏంటి? మీకు మరీ చోద్యం" అనేది.

ఆ కార్తీకంలో ఒక శుక్రవారం వాళ్ళింటికి ఎవరో చుట్టాలొచ్చారు. నేను తొట్టి దగ్గర గేదెకి నీళ్ళు పెడుతున్నాను. అవతల అక్క గొంతు వినపడింది. "మా చెట్టు కాయలు, తినండమ్మా, పంచదారే అనుకోండి." మా చెట్టంట! నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో బకెట్ ఠప్పున కింద పెట్టాను.

పత్తి మీద పచ్చపురుగు విరుచుకుపడిన సంవత్సరాలవి. ఒక మందుకి పురుగు చావడం మానేసింది. అందరూ రెండు మూడు కలిపి కొడుతున్నారు. అట్లా కలపొద్దని కాగితంలో ఉంది, నేనే చదివి వినిపించాను. ఆ ఆదివారం సాయంత్రం మా పత్తికి నేను కూడా మోనో అనే ఎర్రగుర్తు మందులో ఇంకోటి కలిపి కొట్టాను. పని అయ్యేసరికి పంపులో మూడు లీటర్ల దాకా మిగిలింది. మిగిలిన మందునీళ్ళు మనుషులూ పశువులూ తిరగని బీడులో పారబోయాలి. మా వాళ్ళకి అది చేతులు రాని పని. కొన్నది కదా, పారబోస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇంటికి మోసుకొచ్చి మందారానికో, నిమ్మకో, కరివేపాకుకో కొట్టేస్తేనే తృప్తి. మా జామ ఆకుల కింద పిండినల్లి పట్టి పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. నేను పంపు వీపు మీద నుంచి దించకుండానే దొడ్లోకి వచ్చాను.

నా భార్య చూసి కంగారుగా బయటికొచ్చింది. "అదేంటండీ, కాపు మీద ఉన్న చెట్టుకి చేలో మందు కొడతారా? ఊరందరికీ వద్దని చెప్తారు!"

"మనం వారం పదిరోజులు కోయం. అంతేగా."

"మనం కోయం సరే. వదినకి చెప్పండి మరి."

"చెప్తాలే" అన్నాను.

కొట్టాను. గొట్టం ఎత్తి అటువైపు కొమ్మలకే ఎక్కువ కొట్టాను. కాయల మీద నుంచి చుక్కలు కారేదాకా కొట్టాను. అవతల దొడ్లో ఎవరూ లేరు. నా భార్య పాత ఎర్రచీర అంచు చించి నా చేతికిచ్చి, పాపని తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ గుడ్డ ఎక్కడ కట్టాలో నాకు తెలుసు. గోడ మీద నుంచి అవతలికి వంగిన పెద్దకొమ్మకి కట్టాలి. అక్కడ కడితే అక్క దోటి ఎత్తగానే కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నేను ఇవతల, మొదలుకి దగ్గర, ఆకుల గుబురులో కట్టాను. గోడ అవతల నిలబడి చూస్తే కనపడని చోట కట్టాను. కేక కూడా వేయలేదు. అడిగితే చెప్తాను, అనుకున్నాను. అడగకుండా కోసుకుంటే ఆవిడ కర్మ. రెండు వాంతులయితే బుద్ధి వస్తుంది, అనుకున్నాను. మాట మార్చకుండా రాస్తున్నాను, సరిగ్గా అట్లాగే అనుకున్నాను. తర్వాత ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, అన్నం తిని నిద్రపోయాను.

మర్నాడు సోమవారం. కార్తీక సోమవారాలు అక్క ఉపవాసం ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. చుక్క కనపడేదాకా అన్నం ముట్టదు, ఏదైనా పండు తింటుంది. ఆ సంగతి నాకు గుర్తులేదని మాత్రం అనలేను. గుర్తు చేసుకోలేదు, అంతే.

పదకొండింటికి చేలోంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నాలుగేళ్ళ మా పాప దొడ్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో జామకాయ. "అత్త ప్రసాదం ఇచ్చింది" అంటూ నోటి దాకా తీసుకెళ్ళింది.

నేను ఎట్లా లేచానో తెలియదు. చేతి మీద కొట్టాను. కాయ ఎగిరి వాకిట్లో పడింది. పిల్లని చంకన వేసుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తి, సబ్బు పెట్టి రెండు చేతులూ కడిగాను, మూతి కడిగాను, నోరు తెరిచి చూశాను. కొరకలేదు. పాప కీచుమని ఏడుస్తోంది.

ఆ ఏడుపుకి గోడ అవతల నుంచి అక్క తొంగిచూసింది. తలస్నానం చేసి, జుట్టు ముడివేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఉంది. చేతిలో సగం కొరికిన జామకాయ ఉంది.

"ఎందుకురా పసిదాన్ని అట్టా ఏడిపిత్తన్నావ్? ఏం చేసిందని?"

అదీ ఆ క్షణం. ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. ఒక్కమాట అంటే అయిపోయేది. అక్కా పారెయ్, మందు కొట్టాను, అంటే చాలు. కానీ అంటే ఆవిడ ఏమంటుంది? నిన్న ఎందుకు చెప్పలేదురా అంటుంది. గుడ్డేదిరా అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా, సగం ఎలాగూ తినేసింది, కాయో అరో తింటే ఏమవుతుంది, నేను రోజూ ఆ మందులోనే మునిగి తేలుతున్నాను కదా, నాకేమయింది, అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. నోటి మాట వేరేగా వచ్చింది.

"ఏం లేదక్కా. మట్టిచేతుల్తో తింటంది."

"ఓస్, దానికేనా! మట్టి తింటే చత్తారా ఏంటి? నా బంగారుతల్లీ, నువ్వు రావే, నేనింకోటి ఇత్తాను."

"వద్దక్కా, అన్నం తినదు మళ్ళీ" అని పిల్లని లోపలికి లాక్కుపోయాను. వెనక నుంచి అక్క కాయ కొరికిన చప్పుడు వినపడింది. పటపట. నా బిడ్డ చేతిలో కాయని కొట్టి పారేసినవాడిని, అవతలి మనిషి నోట్లో కాయ గురించి నోరు మూసుకున్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

రెండు గంటలు కూడా గడవలేదు. బావ కేకలు వినపడ్డాయి. నా భార్యా నేనూ వెళ్ళేసరికి అక్క వసారాలో మంచం మీద ముడుచుకుని ఉంది. కక్కేసింది, ఇంకా కక్కుతోంది. కార్తీకమాసంలో ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయింది. నోట్లోంచి చొంగ తాడులా కారుతోంది. కళ్ళ వెంట నీళ్ళు. చేతులు అదురుతున్నాయి. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు అప్పటికే వచ్చి నాడి చూస్తున్నాడు.

"ఉపవాసాలండీ, పైత్యం రేగింది. సెలైన్ పెడతాను, సాయంత్రానికి లేచి కూర్చుంటారు" అన్నాడు.

నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. కాగితాల్లో నేను చదివి ఊరికి వినిపించిన గుర్తులన్నీ వరసగా ఆ మంచం మీద కనపడుతున్నాయి. చెమట, చొంగ, కన్నీళ్ళు, వణుకు. ఆయన సీసా తగిలించడానికి మేకు వెతుకుతున్నాడు. నా భార్య నావైపు తిరిగింది. మా వాకిట్లో పడున్న కాయని తను అంతకుముందే చూసింది. చాలా మెల్లగా అడిగింది.

"మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?"

తను నోరు తెరవబోయింది. అప్పుడు చెప్పాను. "నిన్న జామచెట్టుకి మందు కొట్టాను."

బావ అర్థంకానట్టు చూశాడు. డాక్టరు చేతిలో సీసా కింద పెట్టేశాడు. "ఏం మందు?"

"మోనో. ఇంకోటి కూడా కలిపాను."

"ఆ మాట ఇందాకే చెప్పాలి గదయ్యా! ఇది నా చేతిలో పని కాదు. పేట తీసుకెళ్ళండి, ఇప్పుడే. డబ్బాలు రెండూ తీసుకురండి, లేకపోతే అక్కడ వాళ్ళకి ఏం తెలిసిద్ది?"

పరిగెత్తాను. పెంటదిబ్బలో పారేసిన డబ్బాలు చేతులతో కెలికి తీశాను. మార్టూరు క్వారీకి కూలీల్ని తీసుకెళ్ళే ట్రక్కు ఆటో ఒకటి రోడ్డు మీద దొరికింది. అందులో పడుకోబెట్టి చిలకలూరిపేట తీసుకెళ్ళాం. అక్క తల నా భార్య ఒళ్ళో ఉంది. దారి పొడుగునా కొంగుతో ఆ మూతి తుడుస్తూనే ఉంది. నావైపు ఒక్కసారి చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు లైటు వేసి అక్క కళ్ళు చూశాడు. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. డబ్బాలు అందుకుని చదివి, ఆగకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టించాడు. గంట గంటకీ పొడిచారు. మర్నాడు పొద్దున డాక్టరు బయటికొచ్చి, గండం గడిచిందని చెప్పాడు. "డబ్బాలు తేవడం మంచిదయింది. ఎవరికొచ్చింది ఆ తెలివి?" అని అడిగాడు. బావ నన్ను చూపించాడు. ఛీ, ఆ క్షణాన నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మూడోరోజుకి అక్క మాట్లాడగలిగింది. ఆ ఇంజెక్షన్లకి నోరు పిడచకట్టుకుపోయి మాట తడబడుతోంది. ఊరి నుంచి నలుగురైదుగురు చూడ్డానికొచ్చారు. వాళ్ళలో, నేను గేదె విషయంలో వీధిలో నిలబెట్టి తిట్టినాయన కూడా ఉన్నాడు. ఆయన ఊరుకుంటాడా? "ఏమయ్యా, మాకందరికీ చెప్తావుగా. గుడ్డ కట్టలా నువ్వు?" అన్నాడు.

గది అంతా నావైపు తిరిగింది. బావ కూడా. నేను నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి అక్క మాట్లాడింది.

"కట్టాడు. ఎర్రగుడ్డ కట్టాడు. నేనే చూసుకోలా."

"అట్టయితే నీదే తప్పమ్మా" అన్నాడాయన నిరాశగా.

నేను తల ఊపాను. అవును, కట్టానన్నట్టు. ఊపిన తల ఎత్తి చూస్తే అక్క కళ్ళు నామీదే ఉన్నాయి. ఆ ఎర్రగుడ్డ సంగతి ఆవిడకెట్లా తెలుసు? మంచాన పడ్డాక ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. అంటే సోమవారం పొద్దున్న, పాపని నేను తొట్టి దగ్గర కడుగుతున్నప్పుడు, గోడ మీద నుంచి తొంగిచూసినప్పుడు, మొదలు దగ్గర ఆకుల్లో అది కనపడి ఉండాలి. అప్పుడు దాని అర్థం తోచి ఉండదు. మంచం మీద పడుకుని ఆలోచించుకుంటే తోచి ఉంటుంది. గుడ్డతో పాటు మట్టిచేతుల సంగతి కూడా తోచి ఉంటుంది. ఇదంతా నా ఊహే. అడిగే మొహం నాకు లేదు.

వారానికి ఇంటికొచ్చింది. నేను గొడ్డలి తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాను. గోడ అవతల నుంచి, "అదేం చేసిందిరా నిన్ను? వదిలెయ్" అంది. వదిలేశాను. చెట్టు మీదున్న కాయలన్నీ కోసి లోతుగా గొయ్యి తీసి పూడ్చాను. ఆ తర్వాత ఆ చెట్టుకి సబ్బునీళ్ళు తప్ప ఇంకేదీ తాకనివ్వలేదు. సొసైటీ వరండాలో కూర్చోవడం మానేశాను. డబ్బా తెచ్చినవాళ్ళకి చదివిపెట్టేవాడిని, పాఠం మాత్రం చెప్పలేకపోయేవాడిని.

మళ్ళీ కాపు వచ్చింది. ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే అక్క దోటి పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. చెట్టు వైపు కాదు, నావైపు చూసింది.

"తమ్ముడూ, కోసుకోవచ్చా?"

రెండేళ్ళు దేనికోసం పళ్ళు నూరుకున్నానో ఆ మాట. నా నోట్లో పుల్ల అట్లాగే ఆగిపోయింది. "కోసుకో అక్కా. ఏం కొట్టలా" అన్నాను. ఆవిడ దోటి ఎత్తలేదు. నిలబడింది. నాకర్థమైంది. నోరు పుక్కిలించి, అటువైపు కొమ్మ వంచి, ఒక కాయ తెంపి ఆవిడ ముందే కొరికాను. నమిలాను. మింగాను. అప్పుడు దోటి ఎత్తింది.

ఆ తర్వాత పదేళ్ళు బతికింది అక్క. మజ్జిగ గిన్నె గోడ మీదికి వస్తూనే ఉండేది. మా పాపకి జడలు వేసేది, పరీక్షలకి వెళ్తుంటే ఎదురొచ్చేది. ఆ వారంరోజుల మాట ఒక్కనాడూ ఎత్తలేదు. కానీ కాపు వచ్చిన ప్రతిసారీ, కోసే ప్రతిరోజూ, నలుగురూ ఉన్నా సరే, "తమ్ముడూ, కోసుకోవచ్చా?" అని అడిగేది. నేను ఏ పనిలో ఉన్నా వచ్చి ఒక కాయ తెంపి ఆవిడ చూస్తుండగా తినేవాడిని. పచ్చిదైనా, పురుగు పట్టిందైనా తినేవాడిని. పెద్దదయ్యాక మా పాప అది చూసి నవ్వేది. ఇదేం ఆచారం నాన్నా అనేది. నేను నమిలేదాకా అక్క గోడ పట్టుకుని ఓపిగ్గా నిలబడేది. ఇంక అక్కర్లేదులేరా అని ఒక్కసారి కూడా అనలేదు.